పోయేదేముంది?

2023 ఏప్రిల్లో ఒక ఆదివారం ఫోనొచ్చింది. "లక్కీ డ్రాలో మీకు గోవా ట్రిప్ తగిలింది సార్. మూడు పగళ్ళు, రెండు రాత్రులు, పూర్తిగా ఫ్రీ. సాయంత్రం హోటల్‌కొచ్చి వోచర్ తీసుకోండి. మేడమ్ కూడా తప్పకుండా రావాలి." కూకట్‌పల్లిలో ఒక మాల్ బయట స్లిప్పు నింపిన సంగతి గుర్తొచ్చింది: పేరు, ఫోను, పెళ్ళయిందా, కారుందా, క్రెడిట్ కార్డుందా. మా బావనడిగాను. "ఫ్రీయే కదరా, పోయేదేముంది? భోంచేసి రండి" అన్నాడు. ఏం పోయిందో పైసలతో సహా ఇప్పుడు చెప్పగలను.

హాల్లో పాటల హోరు. ఎవరైనా చేరినప్పుడల్లా చప్పట్లు. టై కట్టుకున్న కుర్రాడు తెల్లకాగితం తీసి, "ఏడాదికి హోటళ్ళకెంత పెడతారు సార్?" అన్నాడు. "ఓ నలభై వేలు" అన్నాను. టేబుల్ కింద మా ఆవిడ నా కాలు తొక్కింది. మా సెలవులన్నీ వైజాగ్‌లో మా పిన్ని ఇంట్లోనే గడుస్తాయి మరి. కుర్రాడు దాన్ని పదితో హెచ్చవేసి, 4,00,000 చుట్టూ సున్నా చుట్టాడు. పదేళ్ళ మెంబర్‌షిప్, ఏటా 6 రాత్రులు. అసలు ధర 2,40,000, ఈ ఒక్క రాత్రికి 1,35,000. ఇంటికెళ్ళి ఆలోచించుకుంటామంటే మేనేజరొచ్చి, "ఇద్దరూ ఇక్కడే ఉన్నారుగా సార్, ఇంకెవర్నడగాలి?" అన్నాడు. మేడమ్ ఎందుకు రావాలన్నారో అప్పుడర్థమైంది. అర్థమయ్యాక కూడా కార్డు గీకాను.

గోవా వోచర్‌కి ప్రయాణం ఖర్చు మనదే. శని, ఆదివారాలు, పండగలు కుదరవు. అది బీరువాలోనే చచ్చింది. మెంబర్‌షిప్ మీద దసరాకి అడిగితే ఖాళీ లేదు, సంక్రాంతికడిగితే ఖాళీ లేదు. మూడేళ్ళలో దక్కింది ఊటీలో 3 రాత్రులు.

ఇక లెక్క. 1,35,000 ఎఫ్‌డీలో 7 శాతానికి వేసుంటే పదేళ్ళకు 2,65,565. ఏటా మెయింటెనెన్స్ 9,000, జీఎస్టీ 18 శాతం కలిపి 10,620, పదేళ్ళకు 1,06,200. మొత్తం 3,71,765. అరవై రాత్రులకూ పంచితే రాత్రికి 6,196. మేం దిగిన గదే ఆ రోజు యాప్‌లో 3,400! అదీ అరవై రాత్రులూ దొరికితేనే. ఇప్పటిదాకా కట్టింది 1,66,860. దొరికింది మూడే కనుక రాత్రికి 55,620. ఊటీ చలిలో ఆ గదిలో గీజరు పనిచెయ్యలేదు.

నెలనెలా ఆర్డీ కట్టుకుని నచ్చిన చోటికి వెళ్ళొచ్చు. ఇరుక్కున్నవాళ్ళు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి. రెండేళ్ళలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళండి, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజే లేదు. నేను ఈ పండక్కి కాకపోతే వచ్చే పండక్కిస్తారని చూస్తూ కూర్చున్నాను.

చాన్నాళ్ళు బావని తిట్టుకున్నాను. కానీ ఆ హాల్లో బావ లేడు. నలభై వేలన్న నోరు నాది. నేను గొప్పకి పోయి చెప్పిన అంకె మీదే ఆ కుర్రాడు లెక్కంతా కట్టాడు. నిజం చెప్పుంటే అతని కాగితం మీద హెచ్చవెయ్యడానికి ఏమీ ఉండేది కాదు.

మొన్న మళ్ళీ ఫోను. "సార్, మీకు పెళ్ళయిందా?" బహుమతి ఇచ్చేవాడికి నా పెళ్ళితో పనేంటి? నేను తడుముకుంటుంటే మా ఆవిడ ఫోను లాక్కుని, "మేం సెలవులకి మా చిన్నత్తగారింటికెళ్తామండి" అని పెట్టేసింది.