మా యింటికి మానిటరు వచ్చిన వైనం

మానిటరు కొనటం కూడా ఒక వ్యాసానికి తగిన విషయమేనా అని పాఠకులు అనుకోవచ్చు. బజారుకు వెళ్ళి, ధర అడిగి, రెండు వందలు తగ్గించమని బతిమాలి, పెట్టె చంకన పెట్టుకు వచ్చే వస్తువే గదా అని మేమూ మొదట అనుకున్నాము. తీరా దిగాక అది నాలుగు నెలల వ్యవహారమయింది. ‘మేము’ అంటున్నది గొప్పకు కాదని ముందే మనవి చేస్తున్నాము. భద్రావతిలోని మా యింట్లో మూడు తరాలవాళ్ళం నలుగురం వున్నాము. యే నిర్ణయమూ ఒక్కరిది అయిన పాపాన పోలేదు గనక ఆ మాట వాడక తప్పదు.

మా పాత మానిటరు పద్దెనిమిదిన్నర అంగుళాలది. 2013లో చంద్రపూరులో ఒకరు వాడి వదిలేసింది కొన్నాము. యెదురుగా కూర్చుంటే బాగానే వుండేది. మా అమ్మ పక్కన మంచం మీద వాలి చూస్తే మాత్రం ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి ముఖం బొగ్గుగనిలోంచి అప్పుడే పైకి వచ్చినట్టు కనబడేది. ఆ జాతి తెరలు కిందినుంచి చూస్తే నలుపు తెలుపయి, తెలుపు నలుపవుతుంది. అయినా పన్నెండేళ్ళు దానితోనే గడిపాము. యింకా గడిపేవాళ్ళమే.

2025 శ్రావణమాసంలో వచ్చిన మన పత్రిక సంచిక మీలో చాలామంది దగ్గర వుండే వుంటుంది. అందులో ఒక సంతాప ప్రకటన తప్పుగా పడింది. ఆ ప్రూఫు దిద్దినది మేమే. ఆఫీసు పని అయ్యాక రాత్రిపూట పత్రిక పుటలు ఆ పాత మానిటరు మీద పెట్టుకుని దిద్దటం మాకు తొమ్మిదేళ్ళ అలవాటు. పోయినది ఆ యింటి యిల్లాలు. ఆమె పేరు చివర ‘అమ్మ’ అని వుండవలసినచోట ‘అయ్య’ అని పడింది. చిక్కేమిటంటే భార్యాభర్తలిద్దరిదీ ముందు పేరు ఒకటే. అంటే బతికివున్న పెద్దమనిషిని మేము పోయినట్టు అచ్చువేశామన్నమాట. కంపోజింగులో పడిన తప్పే గాని, పట్టుకోవలసినది మేము. మూడుసార్లు చదివాము. మూడుసార్లూ ‘అమ్మ’ అనే చదివాము.

పత్రిక అందిన నాలుగోరోజున ఆయన కర్ర పోటు వేసుకుంటూ మా యింటికి వచ్చారు. (ఆయన వొప్పుకున్నాకే యీ సంగతి రాస్తున్నాము.) సంచిలోంచి పత్రిక తీసి, మడిచిన పుట మీద వేలుపెట్టి, “సదువు బిడ్డా” అన్నారు. చదివాము. అప్పుడు కనబడింది. మా కాళ్ళు చల్లబడ్డాయి. క్షమించమని నోరు తెరిచేలోగా ఆయనే, “నువ్వు రాసినట్టయితె మంచిగుండు” అని, మా యింటావిడ యిచ్చిన మంచినీళ్ళు తాగి, లేచి వెళ్ళిపోయారు. యాభై మూడేళ్ళ కాపురం వారిది. తరువాతి సంచికలో సవరణ వేశాము. సవరణలు యెవరు చదువుతారు?

మాకు చత్వారం వచ్చి మూడేళ్ళయింది. కళ్ళజోడు మార్పించాము. మార్చినా ఆ పాత తెర మీద వత్తులు ముద్దగానే వున్నాయి. అప్పుడు పుట్టింది కొత్త మానిటరు మాట.

మాట పుట్టగానే మా అబ్బాయి చెవులు నిక్కబొడుచుకున్నాయి. పాలిటెక్నిక్ రెండో సంవత్సరం. చదువు సంగతి వాడి సార్లకు తెలియాలి. సాయంత్రం ‘వాలరెంట్’ అనే తుపాకుల ఆట ఆడతాడు. ఆయుధ కర్మాగారం పక్కన పుట్టి పెరిగినవాడికి తుపాకులంటే యింకా మోజేమిటో మాకు తెలియదు. వాడి వాదమేమిటంటే మన తెర సెకనుకు అరవైసార్లు బొమ్మ మారుస్తుంది, యిప్పటివి నూట ఎనభైసార్లు మారుస్తాయి. దీనిని హెర్ట్‌జ్‌లలో కొలుస్తారు. మొదటిదానిలో ఒక్కొక్క బొమ్మ సెకనులో వెయ్యోవంతులు దాదాపు 17 నిలిస్తే, రెండోదానిలో ఐదున్నర. “బాపూ, మూల తిరిగి వచ్చేటోడు నాకు కనబడేలోపలనే నేను సచ్చిపోతున్న” అని వాడి గోల.

మా అమ్మను అడిగితే, “నాకేం తెలుస్తది బిడ్డా, నల్లగున్నది నల్లగ కనబడాలె” అంది. అప్పుడు నవ్వాము గాని, అంగడివాళ్ళు గంటసేపు చెప్పే సంగతి ఆ ఒక్కమాటలో వుందని తరువాత తెలిసింది.

ముందు మా పని సంగతి. మానిటరు కొలిచేది మూల నుంచి మూలకు. ఆ అంగుళాలు చూసి మోసపోకూడదు. తెర అంతా చుక్కలే. వాటినే పిక్సెళ్ళంటారు. అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలున్న తెర ఇరవై నాలుగు అంగుళాలదయితే అంగుళానికి దాదాపు 92 చుక్కలు పడతాయి. అవే చుక్కలను ఇరవై ఏడు అంగుళాలకు సాగదీస్తే 82కు దిగుతాయి. పెద్ద తెర, పలచటి అక్షరం అన్నమాట. అదే ఇరవై ఏడు అంగుళాల్లో 2560, 1440 చుక్కలున్నవి వేరే వస్తాయి. వాటిలో అంగుళానికి 109. మరాఠీ అక్షరానికి నెత్తిన గీత వుంటుంది, అది పట్టుకుని చూపు నడుస్తుంది. ఆఫీసులో రోజంతా మరాఠీ కాగితాలు చూసినా మాకు యింత శ్రమ లేదు. మన అక్షరం అలా కాదు. అన్నీ గుండ్రాలు. గుండ్రం కింద యింకో చిన్న గుండ్రం. చుక్కలు చాలకపోతే ముందు చచ్చేది వత్తే. అక్షరాన్ని పెద్దది చేసుకుని చదవరాదా అని మా యింటావిడ అడిగింది. చెయ్యవచ్చు. అప్పుడు పుట సగమే కనబడుతుంది. మాకు యెడమపక్క రాతప్రతి, కుడిపక్క ప్రూఫు పూర్తిగా కనబడితే తప్ప పని సాగదు.

నవంబరులో రెండో శనివారం నాడు అబ్బాయీ మేమూ లాల్‌పరీ యెక్కి, వరోరా మీదుగా నాగపూరు వెళ్ళి, సీతాబర్డీలో దిగాము. యే అంగడికి వెళ్ళినా తెరల మీద రామచిలుకలు, సముద్రాలు, నారింజపండ్లు. అవి యెందులోనైనా అందంగానే వుంటాయి. మేము పెన్‌డ్రైవులో ఆ శ్రావణమాసపు పుటనే పట్టుకెళ్ళాము. అది తెరవమంటే అంగడి కుర్రవాడు వింతగా చూసి, “హే కన్నడ ఆహే కా?” అన్నాడు. తెలుగు అన్నాము. “తేచ్ తే” అని చెయ్యి వూపాడు. నాలుగు తరాలుగా యీ ప్రాంతంలో వున్నవాళ్ళం, యిది మనకు కొత్త కాదు.

యిక్కడొక విశేషం చెప్పాలి. మా వాడు మరాఠీ బడిలో చదివాడు. ఆదివారం సంఘంలో జరిగే తెలుగు తరగతికి రమ్మంటే కడుపునొప్పి అనేవాడు. ఆ రోజు అంగట్లో మేము ఆ ఒక్క పేరు మీద వేలుపెట్టి, “యిది ‘అయ్య’, దీని కింద పడ్డది ‘అమ్మ’. రెండూ యే తెరలో వేరుగా కనబడతాయో చూడు” అన్నాము. వాడు జోడు లేని కళ్ళతో దూరంగా నిలబడి ఒక్కొక్క తెరా చూస్తూ, “ఇండ్ల అయ్య, ఇండ్ల అమ్మ. బాపూ, ఇండ్ల రెండూ ఒక్కతీరుగున్నయి” అని చెబుతూ పోయాడు. నాలుగో అంగడికి వచ్చేసరికి మేము చూపించకుండానే ఆ పుటలో వున్న ‘మ’లన్నీ వెతికి పట్టుకుంటున్నాడు. 109 చుక్కల తెర దగ్గర యిద్దరమూ ఆగిపోయాము.

అంతటితో అయిపోలేదు, అమ్మ చెప్పిన నలుపు వుంది. మామూలు మానిటరులో తెర వెనక దీపం యెప్పుడూ వెలుగుతూనే వుంటుంది. నలుపు చూపవలసినచోట దానిని అడ్డగిస్తారు. అడ్డం యెంత బాగా పడితే నలుపు అంత నలుపు. ఐపీఎస్ అనే రకంలో తెలుపుకూ నలుపుకూ తేడా సుమారు వెయ్యికి ఒకటి. వీఏ అనే రకంలో మూడువేలకు ఒకటి దాకా వుంటుంది. అయితే వీఏలో పక్కనుంచి చూస్తే రంగు వెలుస్తుంది. చీకటి బొమ్మ వేగంగా కదిలితే వెనక మసి పులిమినట్టు తోక పడుతుంది. మొదటిది మా అమ్మ మంచానికి గిట్టదు, రెండోది మా వాడి ఆటకు గిట్టదు. ఓలెడ్ అనే మూడో రకంలో చుక్క చుక్కకూ సొంత వెలుగు, ఆర్పితే కటిక చీకటి. దాని ధర విని మేము కుర్చీలోంచి లేచాము. పైగా కదలని గీతలు రోజంతా వుంచితే వాటి జాడ తెరకు అంటుకుపోయే భయం వుందట. మా గుమస్తా బతుకంతా కదలని గీతలే.

ఐపీఎస్ ఖాయం చేశాము. ఇరవై ఏడు అంగుళాలు, నూట ఎనభై హెర్ట్‌జ్, పంతొమ్మిది వేల చిల్లర. అంగడివాడు జీఎస్టీ తగ్గింది, అందుకే యింత చౌక అన్నాడు. మా చేతిమీదుగా బిల్లులు నడుస్తాయి గనక వూరుకోలేకపోయాము. 2025 సెప్టెంబరు 22న 28 నుంచి 18 శాతానికి తగ్గినది ముప్ఫై రెండు అంగుళాలు దాటిన వాటికి. అంతకు లోపలివాటికి 2019 జనవరి నుంచీ 18 శాతమే. ఆ మాట అన్నాక ఆరువందలు తగ్గాయి.

డబ్బు మా యింటావిడ భిశీది. కొత్త కూలరు కోసం వేసుకున్నది. యీ వూళ్ళో మే నెలలో ఎండ 46 డిగ్రీలు దాటటం ఆశ్చర్యమేమీ కాదు గనక, ఆ డబ్బు అడగటానికి మాకు నోరు రాలేదు. పన్నెండు వేలలో వచ్చే 82 చుక్కలదే తెస్తామని బయలుదేరేముందు అన్నాము. ఆవిడ బియ్యం యేరుతూ తల యెత్తకుండా, “కూలరుకు కొత్త గడ్డి ఏపిస్త. ఆ పెద్దాయన మల్ల గా సంచి పట్టుకొని మన గడప ఎక్కకుండ చూడుండ్రి” అంది.

మానిటరు వచ్చింది. మా వాడు ఆ రాత్రే ఆడి, “ఏక్‌దమ్ వెన్న లెక్కున్నది” అని మురిసిపోయాడు. మూడువారాల తరువాత మేము అక్షరాల సైజు సరిచేద్దామని సెట్టింగ్స్ తెరిస్తే, డిస్‌ప్లే కింద అడ్వాన్స్‌డ్ అన్నచోట 60 అని వుంది! తెర నూట ఎనభైదే. కంప్యూటరుకు ఆ మాట యెవరూ చెప్పలేదు. వాడు మూడువారాలుగా పాత వేగంలోనే వెన్న తింటున్నాడు. మేము 180 అని మార్చి, నోరు మూసుకుని కూర్చున్నాము. సాయంత్రం వాడు ఆట మొదలుపెట్టి, రెండు నిమిషాలకు ఆపి, యిటు తిరిగి, “బాపూ, ఏమన్న ముట్టిండ్రా?” అన్నాడు. వాడు చెప్పిన తేడా నిజమేనని అప్పుడు వొప్పుకున్నాము. (సినిమాకు సెకనుకు బొమ్మలు 24. అరవైని ఇరవై నాలుగుతో భాగిస్తే రెండున్నర, నూట ఎనభైని భాగిస్తే ఏడున్నర. నూట నలభై నాలుగయితే సరిగ్గా ఆరు. అందుకని అమ్మ సినిమా చూసేటప్పుడు మేము 144కు మారుస్తాము. అమ్మకు తేడా తెలియదు. మాకు లెక్క తేలితే చాలు.)

అమ్మకు తెలిసినది వేరు. 1957 నాటి ‘మాయాబజార్’ బొమ్మ దాదాపు నలుచదరం, యిప్పటి తెర వెడల్పు. కనక యిటూ అటూ రెండున్నర అంగుళాలకు పైగా నల్లపట్టీ మిగులుతుంది. 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’ సినిమాస్కోప్ గనక పట్టీలు పైనా కిందా వస్తాయి. దీపం ఆర్పి మొదటి సినిమా వేయగానే అమ్మ, “గది నలుపు గాదు, బూడిద” అంది. బొగ్గు దుమ్ము రోజూ తుడిచే చేతులకు నలుపు సంగతి మనం నేర్పలేము. యేం చేద్దామా అని రెండురోజులు ఆలోచించి, మానిటరు వెనక గోడకు ఒక జీరో బల్బు పెట్టాము. గోడ మీద కాస్త వెలుగు పడగానే ముందున్న బూడిద నలుపుగా తోచింది. కంటి భ్రమే గాని, ముప్ఫై రూపాయలలో కుదిరింది. ప్రూఫులు దిద్దే రాత్రులు మా కళ్ళకు కూడా అది సుఖంగా వుంది.

యింకొక్క పొరపాటు మాది. మానిటరును గొప్పగా పీట మీద యెత్తుగా పెట్టాము. రెండద్దాల జోడువాళ్ళం కింది అద్దంలోంచి చదవటానికి తల వెనక్కి వాల్చి వాల్చి, వారంలో మెడ పట్టేసింది. పీట తీసేశాము. తెర కిందికి దిగి, చేయి చాచినంత దూరంలో వుంటే మెడ తిన్నగా నిలిచింది.

కార్తీకం నుంచి వచ్చిన సంచికలు యీ తెర మీద దిద్దినవే. ఆ పేరున్న యింటివారి ప్రకటన మొన్న మళ్ళీ వచ్చింది, మనవరాలి పెళ్ళిది. అందులో ‘అయ్య’ సరిగానే వుంది. మేము చూసి, మా వాణ్ణి పిలిచి చూపించి, వాడు కూడా అవునన్నాకే పంపాము. పెట్టె మాత్రం అటక మీద వుంది. మూడేళ్ళ వారంటీ తీరేదాకా పారెయ్యవద్దని మా యింటావిడ చెప్పింది.