నెత్తుటి బొట్టు చెప్పే కబురు

ఢిల్లీలో అరవిందో మార్గ్, రింగు రోడ్డు కలిసే చోట, అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ప్రహరీ పక్కన తెల్లవారకముందే ఒక చిన్న ఊరు మేల్కొంటుంది. దుప్పట్లు మడిచి, ప్లాస్టిక్ సంచిలో స్కానింగు ఫిల్ములు, కాగితాలు సర్దుకుని క్యూ వైపు నడిచే ఆ జనం బీహారు నుంచో, తూర్పు ఉత్తరప్రదేశ్ నుంచో వచ్చినవారు. వారిలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రోగులూ ఉంటారు. 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలోనే దేశంలో 1,27,000 మందికి పైగా స్త్రీలలో ఈ వ్యాధి బయటపడింది. దాదాపు 80,000 మంది మరణించారు.

చాలామంది వ్యాధి ముదిరాకనే ఆస్పత్రి గడప తొక్కుతారు. ఇంగ్లీషులో ఈ దశను ‘అడ్వాన్స్‌డ్’ అంటారు. చదువుకూ, దేశానికీ శుభం పలికే మాటకు ఇక్కడ విపరీతార్థం. తెలుగులోని ‘ముదరడం’లో ఆ మొహమాటం లేదు. కణితి కటివలయపు గోడ దాకా పాకితే శస్త్రచికిత్సకు తావుండదు. కిరణ చికిత్సే శరణ్యం. 1999 నుంచి దానికి తోడుగా వారానికొకసారి సిస్‌ప్లాటిన్ మందు ఎక్కించడం ఆనవాయితీ అయింది. అయినా బాగా ముదిరిన మూడవ దశలో ఆ మందు నిజంగా మేలు చేస్తుందా అన్న శంక మిగిలిపోయింది. ముంబయిలోని టాటా స్మారక ఆస్పత్రి వైద్యులు 850 మందిని పరిశీలించి 2018లో జవాబు ప్రకటించారు. కిరణాలు మాత్రమే పొందినవారిలో అయిదేళ్ల తర్వాత జీవించి ఉన్నవారు నూటికి 46 మంది. మందు కూడా పొందినవారిలో 54 మంది. తేడా ఎనిమిదే. ఎనిమిది సంసారాలుగా లెక్కిస్తే అది స్వల్పం కాదు.

చికిత్స ముగిశాక మరొక నిరీక్షణ మొదలవుతుంది. వ్యాధి తిరగబెట్టేది ఎక్కువగా తొలి రెండు మూడేళ్లలోనే. కిరణాలు మిగిల్చిన మచ్చ ఏదో, మళ్లీ మొలిచిన కణితి ఏదో స్కానింగులో ఒక్కొక్కప్పుడు నిపుణుడికే అంతుపట్టదు. పైగా ఆ ఖర్చు, ఆ ప్రయాణం!

ఈ చిక్కును విప్పడానికే ఎయిమ్స్ క్యాన్సరు ఆస్పత్రిలో డాక్టర్ మయాంక్ సింగ్ బృందం ఒక రక్తపరీక్షను పరిశీలించింది. ఆ ఫలితాలు 2025లో వెలువడ్డాయి. ఈ క్యాన్సరు దాదాపు ఎల్లప్పుడూ హ్యూమన్ పాపిలోమా వైరస్ వల్ల కలిగేదే. నశించే క్యాన్సరు కణాలు ఆ వైరస్ డి.ఎన్.ఎ. తునకలను రక్తంలోకి విడుస్తాయి. దొంగ జారవిడిచిన చేతిరుమాలు వంటివన్నమాట. బృందం వెదికినవి ముఖ్యంగా 16, 18 రకాల వైరస్ తునకలు. కొత్తగా వ్యాధి బయటపడిన 60 మందిని, ఆరోగ్యవంతులైన 10 మందితో పోల్చారు. రక్తంలో విడిగా తిరిగే డి.ఎన్.ఎ. రోగులలో సగటున మైక్రోలీటరుకు 9.35 నానోగ్రాములు, ఆరోగ్యవంతులలో 6.95. మూడు నెలల చికిత్స తర్వాత రోగులలో అది 7కు దిగింది.

అరవై మంది, పది మంది చాలా చిన్న లెక్క. ఆ సగటుల మధ్య ఎడమూ తక్కువే. ఆ అంకె ఒక్కదాన్నే నమ్మి ఒక రోగికి మందు మార్చే సాహసం ఇప్పుడే తగదు. మరిన్ని ఆస్పత్రులలో, వందలమందిలో ఇది నిగ్గు తేలాలి. తేలితే మాత్రం రక్తం ఇవ్వడానికి ఢిల్లీ దాకా రానక్కరలేదు. దర్భంగాలోనో, గోరఖ్‌పూర్‌లోనో తీసి పంపవచ్చు.

ప్రస్తుతానికి మాత్రం కౌంటరులో మూడు నెలల తర్వాతి తేదీ వేసి చీటీ ఇస్తారు. ఆమె దానిని కొంగున ముడి వేసుకుని రైలు స్టేషను దారి పడుతుంది.