హువాహినే ప్రయాణానికి ముందు

తీర్థయాత్రకు బయలుదేరే వారికి మన పెద్దలు నియమాలు ఏర్పరచినారు. ఏ దినాన గడప దాటవలెను, ఏమి తినరాదు, ఎక్కడ తల వంచవలెను, ఎవరి చేతిలో ఏమి ఉంచి రావలెను అన్న సంగతులు ఇంటింటా తెలిసినవే. విహారయాత్రకు మాత్రం నియమమంటూ ఏదీ లేదు. చేతిలో సొమ్ము, మనసుకు తీరిక ఉంటే చాలునన్న అభిప్రాయం మనలో స్థిరపడిపోయినది. వచ్చే వేసవిలో పసిఫిక్ మహాసముద్రంలోని ఒక చిన్న దీవికి పోయి పది దినాలు ప్రశాంతంగా గడుపుదామని మా ఇంటిల్లిపాదీ సంకల్పించినప్పటి నుండి ఈ లోటు నన్ను ఆలోచింపజేస్తున్నది.

మాది యానాంలో పుట్టి పెరిగి, ఉద్యోగరీత్యా పుదుచ్చేరి చేరి, తమిళ సోదరుల నడుమ స్థిరపడిన కుటుంబం. మేము ఎంచుకొన్న దీవి పేరు హువాహినే. అది పోలినేసియా దీవులలో తాహితికి వాయవ్యంగా సుమారు 175 కిలోమీటర్ల దూరాన ఉన్నది. నిజానికి అది వంతెనతో కలిసిన జంటదీవి. చుట్టూ పగడపు దిబ్బ ప్రాకారంవలె నిలిచి, లోపలి నీటిని చెరువువలె నిలిపి ఉంచుతుంది. వైశాల్యం సుమారు 75 చదరపు కిలోమీటర్లు, అంటే రెండున్నర యానాములంత. 2011 జనాభా లెక్కలలో యానాంలో 55,626 మంది ఉండగా, హువాహినేలో నివసించేవారు ఆరు వేలకు అటూ ఇటూగా ఉంటారు. పేరుమోసిన బోరాబోరాకు పోయేవారితో పోలిస్తే ఇక్కడ దిగేవారు బహు కొద్దిమంది.

ఇంత దూరపు దీవి మనకు బొత్తిగా పరాయిది కాదు. 1723లో ఫ్రెంచివారు యానాంలో అడుగుపెట్టినారు. తాహితి 1842లో వారి రక్షణ క్రిందికి పోయి, 1880లో వారి వలస రాజ్యమైనది. ఇక్కడివి ‘భారతదేశంలోని ఫ్రెంచి స్థావరాలు’, అక్కడివి ‘ఓషియానియాలోని ఫ్రెంచి స్థావరాలు’ అని ఒకే మాదిరి పేర్లతో చలామణి అయినవి. 1940 సెప్టెంబరులో పుదుచ్చేరి, తాహితి రెండూ ద గోల్ పక్షం చేరినవి. ఆ పిమ్మట దారులు చీలినవి. 1954 నవంబరు 1న యానాం పాలన భారతదేశానికి సంక్రమించినది. 1962 ఆగస్టు 16న ఆ విలీనం చట్టబద్ధమైనది. ఆ దీవులు మాత్రం స్వపరిపాలనాధికారాలతో నేటికీ ఫ్రెంచి పతాకం క్రిందనే ఉన్నవి.

ఆ పాత చరిత్ర మా ప్రయాణపు కాగితాలలో మళ్ళీ తలయెత్తినది. 1962లో అమలులోకి వచ్చిన ఒప్పందం ప్రకారం ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకొనదలచినవారు ఆరు మాసాలలో లిఖితపూర్వకంగా కోరుకొనవలసి వచ్చినది. మా పెదనాన్నగారు కోరుకొన్నారు. మా నాన్నగారు కోరుకొనలేదు. అందువలన నేడు మా అన్నయ్యకు హువాహినే స్వదేశపు గడపవంటిది. నాకు వీసా కావలెను. అందులోనూ ఆ దీవులు షెంగెన్ ప్రాంతంలో చేరవు కనుక, పారిస్ వీసాయే అక్కడికీ చాలునని నిశ్చింతగా ఉండరాదు. ఒకే ముత్తాత సంతానం విమానాశ్రయంలో రెండు వరుసలలో నిలువబోతున్నాము.

చెన్నై నుండి సింగపూరు, అక్కడినుండి ఆక్లండు, ఆపైన తాహితిలోని పపీటే, చివరకు ముప్పావుగంటలోపు చిన్న విమానప్రయాణం - ఇదీ మా మార్గం. ఆక్లండుకు, పపీటేకు నడుమ దినరేఖ ఉన్నది. శనివారం మధ్యాహ్నం ఆక్లండులో విమానమెక్కి అయిదు గంటలు ప్రయాణించినవారు శుక్రవారం రాత్రి పపీటేలో దిగుతారు. ఈ సంగతి వివరించగానే, ఏళ్ళ తరబడి శనివారం ఉపవాసం చేస్తున్న మా అత్తయ్యగారు, “అయితే నాకు రెండు శనివారాలా నాయనా!” అన్నారు. వచ్చేటప్పుడు ఒక దినం పోతుందని చెప్పి ఆమెను ఊరడించినాను. “ఇచ్చినవాడే తీసికొంటాడన్నమాట” అని ఆమె నవ్వినారు.

కాలనిర్ణయంలో మాకు సందేహం కలుగలేదు. 1839 కోరంగి ఉప్పెన కథలు వింటూ పెరిగినవారము. 1996 నవంబరు 6 నాటి తుపానును కళ్ళారా చూచినవారము. సముద్రం శాంతించిన వేళనే దాని ముంగిటికి పోవలెనని మాకు ఒకరు చెప్పనక్కరలేదు. అక్కడ నవంబరు మొదలు ఏప్రిల్ వరకు వానలు, ఉక్క, తుపానుల భయం. మే నుండి అక్టోబరు వరకు పొడివాతావరణం. కనుక పిల్లల సెలవులు ముగియకముందే మే చివరి దినాలను నిశ్చయించుకొన్నాము. హువాహినే నుండి బోరాబోరా వరకు సాగే పడవపందెపు వారంలో ఆ దీవి జనసమ్మర్దంతో నిండిపోతుంది. ప్రశాంతత కోరేవారు ఆ వారాన్ని తప్పించుకోవలెను.

ఆహారం గురించి అత్తయ్యగారికి బెంగ లేదు. కొబ్బరి, అరటి, చేమదుంప, సీమపనస - అక్కడివారి వంటింటి సరుకులను చదివి వినిపిస్తే, “ఇది కోనసీమ కాదూ?” అన్నారు. ఊరగాయల సంగతి వేరు. న్యూజిలాండులోనూ, ఈ దీవులలోనూ మొక్కలు, విత్తనాలు, ఆహారపదార్థాల విషయంలో కట్టుదిట్టాలు గట్టివి. చీడపీడలు దిగితే చిన్న దీవి తట్టుకోలేదు. అందుచేత ఆవకాయ జాడీ ఇంటివద్దనే ఉంటుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ప్రశాంతమైన చోటు అన్నప్పుడు అది ఎవరికి ప్రశాంతమైనది? ఈ ప్రశ్న యానాం వారికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు. 1929లో శారదా చట్టం వచ్చి, మరుసటి ఏడు బ్రిటిషు ఇండియాలో అమలు కాగానే, అది చెల్లని మన ఊరికి పసిపిల్లలను వెంటబెట్టుకొని పెళ్ళిబృందాలు తరలివచ్చినవి. కల్యాణపురం అన్న పేరు మనకు అట్లా వచ్చినది. తరువాతి తరాలలో, పొరుగున కంటె చవకగా దొరికే మద్యం కొరకు వచ్చినవారు ఎందరో. తమ ఊరిలో చేయరాని పనిని మరొకరి ఊరిలో చేసి, చేతులు కడుగుకొని పోవడం వారికి విహారం. మరునాటి ఉదయం గోదావరి గట్టున సీసాలు ఏరుకొనడం మన వంతు. గౌతమి ఒడ్డున సాయంకాలం కూర్చుండి ఎవరితోనూ మాటాడకుండా నీటిని చూచే మన సుఖాన్ని వారెవరూ గమనించలేదు. పాడు చేసినామనీ ఎరుగరు. అతిథి అంటే ఏమిటో, వచ్చిపోయేవాడంటే ఏమిటో మనకు అనుభవపూర్వకంగా తెలియును.

హువాహినే ప్రశాంతత కూడా ఊరకనే కలిగినది కాదు. 1846లో మాయేవా గ్రామం వద్ద దీవివారు ఫ్రెంచి సైనికులను ఓడించి వెనుకకు పంపినారు. 1888లో ఫ్రాన్సు విలీనం ప్రకటించినా, ఆ దీవుల సముదాయంలో ప్రతిఘటన 1897 వరకు సాగినది. మరికొంత దూరాన మురురోవా, ఫంగతౌఫా దీవులలో 1966 నుండి 1996 వరకు ఫ్రాన్సు 193 అణు పరీక్షలు జరిపినది. ‘ఫ్రెంచివారి హయాంలో’ అని మనలో కొందరు ముచ్చటగా చెప్పుకొనేటప్పుడు ఈ లెక్కను కూడా జ్ఞాపకం ఉంచుకోవలెను. జనం తక్కువ గనుక ఫరవాలేదు అన్న ఆలోచననుండే ఆ పరీక్షలు పుట్టినవి. విహారానికి పోయేవాడు అదే ఆలోచనను చిన్న ఎత్తున వెంట తీసికొని పోరాదు.

కనుక మాకు మేమే కొన్ని నియమాలు పెట్టుకొన్నాము. పది దినాలలో అయిదు దీవులు చుట్టము. ఒక్క దీవిలోనే ఉంటాము. పెద్ద హోటలులో గాక, ఒక కుటుంబం తన ఇంటి ఆవరణలో నడిపే బసలో దిగుతాము. మా సొమ్ము ఆ ఇంటివారికే చేరుతుంది. మాయేవాలోని మరాయి అనే పురాతన దేవస్థలాల రాళ్ళపై కాలు మోపము. మన ధ్వజస్తంభం అరుగుపై ఎవరైనా చెప్పులతో ఎక్కితే ఊరుకుంటామా? ఫాయే గ్రామపు వాగులో నీలికన్నుల మలుగుపాములను అక్కడివారు పవిత్రంగా భావిస్తారు. వాటిని దూరంనుండి చూచి వస్తాము. ఆదివారం ప్రార్థనల దినం గనుక ఆ పూట పడవలు అడుగము. పగడపు ముక్క ఒక్కటైనా మూటలో కట్టుకొని రాము. ఫ్రెంచి భాష మాకు వచ్చినా, పలకరింపుకు ‘ఇయ ఒరానా’, కృతజ్ఞతకు ‘మౌరూరూ’ అన్న ఆ నేల మాటలనే ముందుగా వాడుతాము. పరాయి రాష్ట్రంలో మన ‘నమస్కారమండీ’ వినబడితే మన ప్రాణం ఎట్లా లేచివస్తుందో మనకు తెలియనిదా!

చూడవలసిన వాటిలో నా మనస్సు అన్నిటికంటె మాయేవా కాలువలోని రాతికట్టల మీద ఉన్నది. నీటిలో రాళ్ళు పేర్చి, ఆటుపోట్లతో వచ్చిపోయే చేపలను ఒక మూలకు మళ్ళించే పూర్వుల ఏర్పాటు అది. దరియాలతిప్ప వద్ద పోటు వేళ కనిపెట్టి వలలు దించేవారిని చూచి పెరిగిన నాకు, ఆ రాళ్ళ ప్రక్కన మౌనంగా ఒక పూట కూర్చుంటే చాలును.

బస కోరుతూ ఆ ఇంటివారికి ఫ్రెంచిలో ఉత్తరం వ్రాసినాను. రెండు దినాలకు జవాబు వచ్చినది. ఎంత సొమ్ము, ఎప్పుడు చెల్లించవలెను అన్నవి చివరి పంక్తిలో ఉన్నవి. మొదట వారు అడిగినవి మూడు: ఎందరు వస్తున్నారు, పసిపిల్లలున్నారా, చేపలు తినని వారున్నారా? అత్తయ్యగారు ఆ ఉత్తరం విని, “మన వైపు వాళ్ళే” అని, తనకు చేపలు వద్దని వెంటనే వ్రాయమన్నారు.