అన్నప్రాశన నాడే ఆవకాయ

ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుడి గుడికి పోయే తోవలో మా ఇల్లు. ముందుగదిలో బల్ల మీద మోటారు డ్రైవ్ ఎవాల్యుయేషన్ బోర్డు ఒకటి ఉంటుంది. ఇంటి కరెంటు 230 వోల్టుల ఏసీని తీసుకుని తనే డీసీగా మార్చుకునే రకం. మార్చాక లోపల నిలిచేది దాదాపు 325 వోల్టులు. కొత్త ప్రోగ్రాం ఎక్కించిన రోజే అంత ఇవ్వడమంటే అన్నప్రాశన నాడే ఆవకాయ పెట్టడం. నేను 24 వోల్టుల డీసీతో మొదలుపెడతాను.

పిరికితనం అనుకుంటే అనుకోండి, లెక్క మాత్రం నా వైపే ఉంది. 470 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 325 వోల్టుల దగ్గర సుమారు 25 జౌల్స్ దాచుకుంటుంది. 24 దగ్గర దాచుకునేది అందులో 183వ వంతు.

మొన్న అలాగే రెండు తీగలు బిగించి సప్లై ఆన్ చేశాను. బోర్డు మీద ఒక్క దీపం వెలగలేదు. మీటర్లో 24 నిలకడగా ఉంది. అరగంట బోర్డును తిట్టాను. తప్పు నాదే. దాని లోపలి చిన్న పవర్ సప్లై ఆ పెద్ద డీసీ నుంచే బతుకుతుంది, 24 వోల్టులకు అది నిద్ర లేవదు. ట్రాన్సిస్టర్ల గేట్లకు మాత్రం బయట ఎంత తగ్గించినా 15 వోల్టులు కావాల్సిందే. ఆ 15ను వేరే సప్లై నుంచి ఇచ్చాను. దీపం వెలిగింది, వెంటనే ఎర్రబడింది కూడా. లోపల వోల్టేజీ 200కు తగ్గితే ఆగిపొమ్మని ప్రోగ్రాంలో రాసుంది మరి. ఆ 200ను 18 చేశాను. మోటారు ఒకసారి ముందుకూ వెనక్కూ వణికి, మెల్లగా అందుకుంది.

అప్పుడే కాక వచ్చాడు.

"ఏందిరా, లో వోల్టేజీ మీద నడుపుతున్నవ్? మొన్న ఎండాకాలం నా బోరు మోటరు గట్లనే కాలింది."

కాక మాట అబద్ధం కాదు. వోల్టేజీ పడిపోయినా లైనులో ఫ్రీక్వెన్సీ 50 దగ్గరే ఉంటుంది. నీళ్ల బరువూ తగ్గదు. అదే వేగం పట్టుకోవాలని బోరు మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, వైండింగ్ మాడుతుంది. డ్రైవ్ అట్లా కాదు, వోల్టేజీతో పాటు ఫ్రీక్వెన్సీనీ తగ్గిస్తుంది. 325 మీద 3000 తిరిగే మోటారు 24 మీద 220 చుట్లతో సరిపెట్టుకుంటుంది.

"అంటే ఆకలికి తగ్గ పని జేయిస్తవన్నమాట," అన్నాడు కాక. ఇంత చిన్నగా నాకు ఎవరూ చెప్పలేదు.

ఇంకొకటి చూపిద్దామని మోటారును ఒక్కసారిగా ఆపాను. సప్లై మీటరు 24 నుంచి పైకి పాకింది. ఆగేటప్పుడు మోటారే జనరేటరవుతుంది, ఆ కరెంటును వెనక్కి తీసుకునే గుణం బల్ల మీది సప్లైకి ఉండదు. పోయేచోటు లేక కెపాసిటర్లో పేరుకుంటుంది. అదే 325 మీదైతే కాకను ఆమడ దూరంలో కూర్చోబెట్టేవాణ్ని.

కాక చాయ్ తాగి పోయాక బోర్డు మీద కాగితం ముక్క ఒకటి అంటించాను: "18 పెట్టి ఉంది. ఇంటి కరెంటుకు కలిపే ముందు మళ్లీ 200 చెయ్యి."