బస్సు లేని చోటి స్నేహితులు

2024 సెప్టెంబర్ 22

రాత్రి ‘ఎ ఫిల్మ్ బై అరవింద్’ మళ్లీ చూశాను. 2005 నాటిది, శేఖర్ సూరి తీశాడు. కథలో రాజీవ్ కనకాల సినిమా దర్శకుడు, రిషి హీరో, ఇద్దరూ ప్రాణస్నేహితులు. చేతికొచ్చిన ఒక స్క్రిప్టు నచ్చి, తీరిగ్గా దానిమీద కూర్చుందామని అడవిలో గెస్ట్‌హౌస్‌కి కారులో బయల్దేరతారు. అందులో రాసి ఉన్నవే వాళ్లకి జరగడం మొదలవుతుంది. అప్పట్లో హంతకుడెవరన్నదే నా ఆత్రమంతా. ఈసారి వాళ్లిద్దరూ మాట్లాడుకునే తీరే చూస్తూ కూర్చున్నాను. కలిసి గెలిచిన ఇద్దరి మధ్య ఒక లెక్క ఉంటుంది: ఈ పేరంతా ఎవరి వల్ల వచ్చింది? ఊళ్లో ఉన్నంతకాలం ఆ లెక్క ఎవరూ తీయరు, చుట్టూ పదిమంది ఉంటారు కాబట్టి.

ముగింపు ఇక్కడ రాయను. ఈ నోటుబుక్కు మా చిన్నోడి కంటపడితే వాడికి సినిమా పాడైపోతుంది.

సెప్టెంబర్ 24

షాడో నవలలు అద్దెకు తెచ్చుకుని పెరిగినవాణ్ణి నేను. మధుబాబు పుస్తకాల్లో షాడోకి ఆపదొస్తే శ్రీకర్, గంగారాం, ముఖేష్ ప్రాణాలకు తెగించి వస్తారు. శత్రువెప్పుడూ బయటివాడే. మన డిటెక్టివ్ పుస్తకాల్లో స్నేహితుణ్ణి అనుమానించడమంటే పాపం కిందే లెక్క.

మా ఊరి పేరుతో వచ్చిన సినిమా సంగతీ అంతే. 2001లో ఎం.రాజా తీసిన ‘హనుమాన్ జంక్షన్’, మలయాళం ‘తెంకాశిపట్టణం’కి రీమేక్. అర్జున్, జగపతిబాబు ఒకరికోసం ఒకరు ఎంతకైనా తెగిస్తారు. అయినా ఆ కథ కూడా నడిచేది ఒక దాపరికం మీదే: స్నేహితుడి చెల్లెలి మీద ప్రేమ, స్నేహం చెడుతుందేమోనన్న భయం. అక్కడ అది నవ్వులకి పనికొచ్చింది. అదే దాపరికాన్ని అడవి గెస్ట్‌హౌస్‌లో పెడితే శవం లేస్తుంది. మా జంక్షన్‌లో పొసగకపోతే రోడ్డుమీదకొచ్చి నిలబడితే చాలు, విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ, ఏదో ఒక బస్సు దొరుకుతుంది. అలిగి వెళ్లినవాడు నెల తర్వాత కాఫీ హోటల్లో ఏమీ జరగనట్టు పలకరిస్తాడు. ఆ నెల రోజుల దూరమే గెస్ట్‌హౌస్‌లో చిక్కుకునే ఇలాంటి కథల్లో ఎవరికీ దక్కదు.

సెప్టెంబర్ 29

అగాథా క్రిస్టీ 1939 నాటి నవలలో పదిమందిని దీవికి రప్పించింది, కానీ వాళ్లు స్నేహితుల గుంపు కాదు. అందరినీ కలిపే దారం హంతకుడి చేతిలోనే ఉంది. 1987లో జపాన్ రచయిత యుకితో అయత్సుజి ‘డెకాగాన్ హౌస్ మర్డర్స్’లో దీవికి పంపింది స్నేహితుల్నే: విశ్వవిద్యాలయం మిస్టరీ క్లబ్బు వాళ్లు ఏడుగురు. ఒకరినొకరు మిస్టరీ రచయితల పేర్లతో ఎలరీ, అగాథా, పో అని పిలుచుకుంటారు. అంతకుముందు క్లబ్బు పార్టీలో తాగుడు ఎక్కువై ఒక జూనియర్ అమ్మాయి చనిపోయింది. వీళ్లు మాత్రం అదే సరదాతో విహారానికి బయల్దేరారు. నన్ను భయపెట్టింది హత్యలు కాదు, ఆ సరదా.

నలుగురు కూడిన ప్రతిచోటా ఒకడి మీద జోకులు పడుతుంటాయి. వాడూ నవ్వుతాడు. మా డిగ్రీ బ్యాచ్‌లోనూ ఉండేవాడు ఒకడు. పెళ్లికి మమ్మల్నెవర్నీ పిలవలేదు.

అక్టోబర్ 2

‘ట్వెల్త్ మ్యాన్’, 2022, జీతు జోసెఫ్ సినిమా. పెళ్లికి ముందు సరదాగా గడుపుదామని రిసార్టుకొచ్చిన స్నేహితులు, మధ్యలో మోహన్‌లాల్. ఫోన్లన్నీ బల్లమీద పెట్టాలి, కాల్ వస్తే అందరికీ వినబడేలా మాట్లాడాలి. ఆ రాత్రే ఒక ప్రాణం పోతుంది. కొంచెం సాగదీశాడుగానీ ఉపాయం గట్టిది. పాత కథల్లో హంతకుడు ముందుగా టెలిఫోన్ తీగ కోసేవాడు. ఇక్కడ అందరి ఫోన్లూ పనిచేస్తున్నాయి, అదే కొంప ముంచింది.

అక్టోబర్ 6

విజయవాడ సింగ్‌నగర్ నుంచి మా పిన్ని కొడుకు వచ్చాడు. సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు పొంగి ముంచినప్పుడు రెండో అంతస్తులో చిక్కుకుపోయాడు. పాలప్యాకెట్లు, కొవ్వొత్తులు పంచుకున్నారట, అంత నీళ్ల మధ్య అందరూ ఒక ఇంటివాళ్లలా ఉన్నారట. ఈ నవలలు రాసేవాళ్లంతా అబద్ధాలకోరులని అనబోయాను.

“ఒక్కడు తప్ప, అన్నయ్యా” అన్నాడు.

ఎదురింటివాడు. ఇద్దరూ ఒకే కంపెనీ, కలిసి ఫ్లాట్లు తీసుకున్నారు, ఒక బండిమీదే ఆఫీసుకి. వాడికి ఇన్వర్టర్ ఉంది. పిల్లకి నెబ్యులైజర్ పెట్టాలి, ఒక్క పావుగంట కరెంటు ఇవ్వమని వీడు తలుపు కొట్టాడు. “బ్యాటరీ అయిపోయింది బావా” అని లోపల్నుంచే జవాబు. ఆ రాత్రి తలుపు సందులోంచి ఫ్యాను చప్పుడు వినిపించింది.

“అడిగావా?”

“ఏం అడుగుతాను? పొద్దున్నే ఎదురుపడాలి కదా.”

నీళ్లు తీసి నెల కావస్తోంది. ఆఫీసుకి ఇప్పటికీ ఒక బండిమీదే వెళ్తున్నారట. ఫ్లాటు అమ్మేసి వేరేచోటికి పొమ్మన్నాను. “ఆ వీధిలో ఇప్పుడు కొనేవాడెవడు, లోను ఇంకా పదకొండేళ్లుంది” అన్నాడు.