కాలువగట్టు మీది పందెము



మా ఇంటి దూలమునకు ఒక టార్చిలైటు వ్రేలాడుచున్నది. మూడు బ్యాటరీలది. అది వెలిగి నలువది యేండ్లు దాటినది. దానినిగూర్చి మీతో చెప్పవలెననియే కూర్చుంటిని గాని, ముందు సైకిళ్ల సంగతి చెప్పక తప్పదు.

నా మేనల్లుడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. ఈ మార్చి నెలలో మా ఊరికి వచ్చుచు ఒక వింత సైకిలు తెచ్చెను. దాని పిడి పొట్టేలు కొమ్ములవలె క్రిందికి వంగియున్నది. టైర్లు వెడల్పుగా, గరుకుగా ఉన్నవి. అంతటి సైకిలును ఒక చేతితో ఎత్తవచ్చును. “కంకర దారిలో పందేలకని చేసింది మామయ్యా” అనెను. నేను నవ్వితిని. పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు ప్రాంతములలో పుట్టినవారిని ఎవరినైనను అడిగి చూడుడు: కంకర దారిలో సైకిలు తొక్కుట మనకు గతిలేకయే గాని సరదాకు కాదు.

వాడు నాకు చాల సంగతులు చెప్పెను. అమెరికా దేశములో కాన్సాస్ రాష్ట్రమున ఎంపోరియా అను చిన్న పట్టణమున్నది. దాని చుట్టునున్న గుట్టలనిండ చెకుముకి రాళ్లు. నాగలి దిగదు గనుక అక్కడి నేల చాలవరకు గడ్డిబీడుగానే మిగిలినది. ఆ రాళ్ల దారులమీద 2006లో 34 మంది కూడి 200 మైళ్ల పందెము పెట్టుకొనిరి. మన లెక్కలో అది సుమారు 320 కిలోమీటర్లు. ఇప్పుడు దానికి వేలమంది పోవుచున్నారట. రాయి కత్తివలె టైరును కోయును. తావులుగా ఏర్పరచిన చోట్ల తప్ప తనవారి సహాయము పొందరాదు. ఎవని పంక్చరు వాడే వేసికొనవలెను. 2022లో ఇటలీలో ఇట్టి దారులమీద మొదటి ప్రపంచ పోటీ జరిగినది.

ఎంపోరియాలో 2023లో వాన కురిసి, పందెము మొదలైన కొద్దిసేపటికే దారి బురద అయ్యెను. చక్రములు తిరుగక, వేలకొలది రూకల సైకిళ్లను భుజాన వేసికొని మైళ్లు నడిచిరి. ఆ బురద గోకుటకు కర్రముక్కలు వెంట తెచ్చుకొందురట! నల్లరేగడిని ఎరిగిన మీకు నేను ఇంతకంటె వివరింప నక్కరలేదు.

మేనల్లుడు అంత దూరము పోలేదు. వాడు తొక్కునది బ్రెవే అను సవారి. ఫ్రాన్సు దేశములో పుట్టిన పద్ధతి యిది. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషములు, 300కు 20 గంటలు, 600కు 40 గంటలు గడువు. మొదటివాడు, రెండవవాడు అను లెక్క లేదు. గడువులో వచ్చినవారందరును సమానమే. చేతిలో ఒక కార్డు ఉండును. నియమించిన తావులలో దానిమీద ముద్ర వేయించుకొనవలెను. తక్కిన దారి అంతయు ఎవరును చూడరు.

వాడు తన కార్డు తీసి చూపెను. 300 కిలోమీటర్లది. చివరి గడి ఖాళీగానున్నది. తెల్లవారుజాము మూడు గంటలకు టైరు చిరిగినదట. ఒక లారీ డ్రైవరు జాలిపడి, “ఎక్కు తమ్ముడూ, ముందు ఊళ్లో దింపుతా” అనెనట. వీడు ఎక్కలేదు. టైరు కుట్టుకొని చేరునప్పటికి గడువు పదునొకండు నిమిషములు దాటినది. “పోతే పోయింది మామయ్యా” అని కార్డును జేబులో పెట్టుకొనెను. నేను దూలమువైపు చూడక తప్పించుకొంటిని.

ఇక చెప్పెదను. 1978లో సంక్రాంతి వెళ్లిన వారమున మా అయిదారు గ్రామముల పడుచువాండ్రము సైకిలు పందెము పెట్టుకొంటిమి. 1967లో నాగార్జునసాగరు నీరు వదలిన తరువాత మా వైపునకు కాలువలు వచ్చినవి. ఆ గట్లమీద గ్రావెలు దారులు పడినవి. గట్టు వెంబడి పోయి, రేగడి డొంకలో దిగి, ఊరి చింతచెట్ల క్రింద చేరవలెను. ముందునాటి రాత్రి వాన కురిసినది. డొంకలో నా చక్రములు మట్టికి బిగిసిపోయెను. అంతలో పత్తి బోరెములతో ఒక ట్రాక్టరు వచ్చెను. సైకిలును బోరెములమీద వేసి నేనును ఎక్కితిని. చింతచెట్లు కనబడకమునుపే దిగి, చెమట తుడుచుకొనక తొక్కితిని. రెండవ బహుమానము నాదయ్యెను. నా వెనుక మూడవవాడు సైకిలును భుజాన మోసికొని, మోకాళ్లవరకు బురదతో వచ్చెను. వానికి చప్పట్లు మాత్రమే. తరువాత నేను బడిపంతులనై ముప్పదియేండ్లు పిల్లలచేత కాపీ కొట్టనీయలేదు. అది తలచుకొనిన నాకే సిగ్గు.

మేనల్లుడు వెళ్లిన వారమునకు ఆ టార్చిలైటు సంచిలో వేసికొని మూడవవాని ఊరికి పోతిని. ఆయన మిరపకల్లములో ఉన్నాడు. ఆ ఘాటుకు నాకు తుమ్ములు ఆగలేదు. తుమ్ముల మధ్యనే సంగతి అంతయు చెప్పితిని.

“పందెమా? ఎప్పుడు మాస్టారూ?” అనెను ఆయన. కొంతసేపు ఆలోచించెను. “ఆఁ, కొత్త టైరు పాడు చేశానని మా నాయన కొట్టాడు. అప్పు చేసి కొన్నాడు దాన్ని. ఎవరు ముందొచ్చారో నాకు గుర్తు లేదండీ.”

టార్చిలైటును అటునిటు త్రిప్పి, బ్యాటరీ కారి లోపల చిలుము పట్టిన చోటు గోటితో గోకి, “ఇది నాకెందుకండీ?” అని తిరిగి యిచ్చెను. క్షమించితిననికాని, లేదనికాని ఆయన అనలేదు. నేను అడుగుట కూడ బాగుండదనిపించెను. పడమట మబ్బు పట్టుచుండెను. “మాస్టారూ, ఆ పట్టా కొస కాస్త పట్టుకోండి” అనెను. ఇద్దరము చీకటిపడువరకు కాయలమీద పట్టాలు కప్పితిమి.

టార్చిలైటును మరల దూలమునకే తగిలించితిని. మేనల్లునికి ఇంకను చెప్పలేదు. వచ్చే నెల వాడు ఆ సైకిలుతో మరల వచ్చుచున్నాడు.