యంత్రం చేతులెత్తేస్తే...

'ఇప్పటి విమానాలు వాటంతటవే ఎగురుతాయట కదా, ఇంక భయమేంటి?' అంటుంది అమ్మ. అమెరికాలో ఉన్న అక్క దగ్గరికి వెళ్లేటప్పుడు ఆవిడ ధైర్యం అదే. నిజమే. టేకాఫ్ అయిన కాసేపటికే ఆటోపైలట్ పగ్గాలు అందుకుంటుంది. వేగం, ఎత్తు, దారి... గంటల తరబడి అన్నీ అదే చూసుకుంటుంది. విమాన ప్రయాణం ఇంత భద్రంగా మారడంలో దాని పాత్ర తక్కువేం కాదు. నాకు గుబులు పుట్టించేది మాత్రం అది ఉన్నట్టుండి పక్కకు తప్పుకునే క్షణం.

2009 జూన్ 1న అదే జరిగింది. ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం రియో డి జనీరో నుంచి పారిస్ వెళ్తోంది. లోపల 228 మంది. అట్లాంటిక్ మీద చిమ్మచీకటి. 35 వేల అడుగుల ఎత్తులో, వేగాన్ని కొలిచే పిటో గొట్టాల్లో మంచు చేరింది. వేగం లెక్క తప్పేసరికి ఆటోపైలట్ 'ఇక మీ ఇష్టం' అన్నట్టు విమానాన్ని పైలట్ల చేతిలో పెట్టేసింది. కెప్టెన్ విశ్రాంతిలో ఉన్నాడు. సీట్లలో ఉన్నది ఇద్దరు కోపైలట్లు.

ఇంజిన్లు బాగానే ఉన్నాయి. వేగం అంకెలు కూడా సుమారు నిమిషంలో సర్దుకున్నాయి. విమానాన్ని నిలకడగా పట్టుకుని ఉంటే సరిపోయేది. కానీ నడుపుతున్న పైలట్ ముక్కును పైకెత్తాడు. విమానం 38 వేల అడుగులకు ఎగబాకి, వేగం పోగొట్టుకుంది. రెక్కలకు గాలి ఆసరా తప్పింది. దీన్నే స్టాల్ అంటారు. విరుగుడు, ముక్కు కిందికి దించడం. పైలట్లకు మొదట్లోనే నేర్పే పాఠమిది.

అసలు విడ్డూరం ఇక్కడుంది. వేగం మరీ పడిపోయినప్పుడు, ఆ అంకె నమ్మదగ్గది కాదని కంప్యూటర్ స్టాల్ హెచ్చరికను ఆపేసేది. ముక్కు కాస్త దించగానే లెక్క మళ్లీ అంది, హెచ్చరిక మోగేది. అంటే తప్పు చేస్తే మౌనం, సరైన పని చేస్తే గగ్గోలు! ఆ కంగారులో మనమైతే ఏమనుకుంటాం? పైగా ఆ ఎయిర్‌బస్‌లో ఇద్దరి సైడ్‌స్టిక్‌లూ కలిసి కదలవు. ఒకరు వెనక్కి లాగుతుంటే రెండోవారి చేతికి తెలియదు. నిమిషంన్నరలో కెప్టెన్ వచ్చాడు. కానీ పరిస్థితి చెయ్యి దాటిపోయింది. ఆటోపైలట్ తప్పుకున్న 4 నిమిషాల 23 సెకన్లకు విమానం సముద్రంలో కూలింది. ఒక్కరూ మిగల్లేదు.

రెండేళ్లకు, దాదాపు 3,900 మీటర్ల లోతున బ్లాక్‌బాక్సులు దొరికాయి. 'పైలట్ల తప్పే' అని చాలామంది ఒక్కమాటలో తేల్చేశారు. నాకది అన్యాయం అనిపిస్తుంది. అంత ఎత్తులో విమానాన్ని చేత్తో నడపడంలో వాళ్లకు శిక్షణే లేదని 2012లో ఫ్రాన్స్ దర్యాప్తు నివేదిక చెప్పింది మరి. ఏడాదంతా గరిటె పట్టనివ్వకుండా, ఒక్కసారిగా పెళ్లివంట అప్పగిస్తే ఎవరి చెయ్యి తడబడదు?

2013 జనవరిలో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ, వీలున్నప్పుడల్లా పైలట్లను చేత్తో నడపనివ్వమని ఎయిర్‌లైన్స్‌కి సూచించింది. ఈతగాణ్ని నీళ్లలో దిగనివ్వండని చెప్పినట్టుంది కదూ! 2019 మార్చి నుంచి అక్కడి ఎయిర్‌లైన్స్ పైలట్లు సిమ్యులేటర్‌లో పూర్తి స్టాల్‌లోకి వెళ్లి, చేత్తోనే బయటపడి చూపించాలి.